స్టాకు, చెయ్యి, నసీబ్

సంక్రాంతి వెళ్లి నెల కావొస్తోంది. బేగం బజార్‌లో అమ్ముడుపోని పతంగులు కట్టలు కట్టి అటకెక్కుతున్నాయి. ఆ జాగాలో హోలీ పిచికారీల అట్టపెట్టెలు దిగుతున్నాయి. 2023 ఫిబ్రవరి 13, సోమవారం. ఇంట్లోకి ఇత్తడి బిందె కొందామని వెళ్లిన నేను, మాంజా చరఖాలు లోపలికి సర్దుతున్న ఒక దుకాణం ముందు ఆగిపోయాను. అక్కడ ముగ్గురు మనుషులు గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకరు దుకాణం సేటు, ఒకరు సరుకు తెచ్చిన ట్రాలీ ఆటో డ్రైవరు, మూడో ఆయన పెట్టెలు దించుతున్న పెద్దవయసు హమాలీ.

"ఎవ్వరేమన్నా జెప్పుండ్రి సేటూ, చెయ్యి ఉండాలె. వెనకున్నోని బండ్ల చార్జింగు ఎక్కువున్నదంట. అయినా దాటనిచ్చిండా? లేదు. అదీ చెయ్యి అంటే," అన్నాడు ట్రాలీ డ్రైవరు.

"మాల్ మంచిది లేకపోతే చెయ్యి ఏం చేస్తది భాయ్? అదే మనిషికి డొక్కు బండి ఇయ్యి, అప్పుడు చూద్దాం," అన్నాడు సేటు.

హమాలీ పెట్టె దించి, భుజం మీది తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "మంచిగ పోతున్న బండిని సొంత కంపెనీ బండే వచ్చి గుద్దె. ఇద్దరూ ఇంటికే పోయిండ్రు. గది నసీబ్ గాక మరేంది బిడ్డా?"

వాళ్ల మాట రెండు రోజుల కిందటి ఫార్ములా ఈ రేసు గురించి. ఫిబ్రవరి 11, శనివారం, హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం పక్కగా వేసిన 2.8 కిలోమీటర్ల బాటలో, 18 మలుపుల మీద కరెంటు కార్లు పరుగెత్తాయి. 2013లో గ్రేటర్ నోయిడాలో ఆఖరి ఫార్ములా వన్ రేసు జరిగాక, మన దేశంలో ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయి కార్ల రేసు మళ్లీ జరగడం అదే. బేగం బజార్ నుంచి ఆ బాటకు ఐదారు కిలోమీటర్లు. అటువైపు రోడ్లు మూసినందుకు ఆ వారమంతా సరుకు బండ్లు చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. అయినా ట్రాలీ డ్రైవరు రేసు వదల్లేదు, ఫోనులో చూశాడు.

ముగ్గురూ చెప్పినవి ఆ రేసులో జరిగినవే. గెలిచింది డీఎస్ పెన్స్కే జట్టు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్, ఫ్రాన్స్ దేశస్థుడు, అప్పటికే రెండుసార్లు ఫార్ములా ఈ చాంపియన్. ఆఖరి ల్యాపుల్లో ఆయన వెనకే ఎన్విజన్ జట్టు నిక్ క్యాసిడీ, బ్యాటరీలో ఎక్కువ శక్తి మిగుల్చుకుని, వెన్నంటి వచ్చాడు. దాటలేకపోయాడు. ఇద్దరి మధ్య తేడా అర సెకను కూడా లేదు. అంతకుముందే జాగ్వార్ జట్టు కారు సామ్ బర్డ్ చేతిలో హెయిర్‌పిన్ మలుపు దగ్గర అదుపు తప్పి, రేసును అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టిన సొంత జట్టు మిచ్ ఎవాన్స్ కారునే గుద్దింది. మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యుయెమి, అనుమతించిన పవర్ పరిమితి దాటాడని తేలి, శిక్షతో పాయింట్లు లేకుండా కిందికి పోయాడు. ఆ మూడో స్థానం పోర్షె డ్రైవరు ఆంటోనియో ఫెలిక్స్ డకోస్టాకు దక్కింది. మన దేశపు జట్టు మహీంద్రా తరఫున ఆలివర్ రోలండ్ ఆరోవాడు.

చెయ్యా, మాలా, నసీబా? కార్ల రేసులున్న ప్రతి దేశంలో అభిమానులు ఈ గొడవ పడుతూనే ఉన్నారు. అమెరికాలో స్టాక్ కార్ రేసింగ్ అభిమానుల మధ్య ఇది 1948లో నాస్కార్ సంస్థ పుట్టిననాటి నుంచీ నడుస్తోంది. స్టాక్ కార్ అనే పేరు బేగం బజార్ మనిషికి విప్పి చెప్పక్కర్లేదు. స్టాకు అంటే గోదాములో ఉన్న సరుకు. షోరూములో అందరికీ అమ్మే కారును ఉన్నదున్నట్టుగా తెచ్చి పరుగెత్తించడంతో ఆ రేసులు మొదలయ్యాయి. సరుకు ఒకటే అయితే నడిపేవాడి సత్తా తేలిపోతుందన్న ఆశ ఆ పేరులోనే ఉంది. కాలక్రమంలో ఆ కార్లు షోరూము కార్లను పైకి మాత్రమే పోలే రేసు బండ్లుగా మారిపోయాయి, సరుకులో తేడాలు మళ్లీ వచ్చి చేరాయి.

ఈ గొడవ ఇన్నేళ్లుగా తెగకపోవడానికి కారణం ప్రశ్న అడిగే తీరులో ఉందని నా నమ్మకం. మూడింట్లో ఏది ముఖ్యం అని అడిగితే జవాబు రాదు. కారు లేకపోతే రేసే లేదు, డ్రైవరు లేకపోతే కారు కదలదు. అడగాల్సిన ప్రశ్న ఇది: పోటీలో నిలబడ్డవాళ్ల మధ్య దేంట్లో తేడా ఎక్కువగా ఉంది? రెండు దుకాణాలు ఒకే గోదాము నుంచి ఒకే భావుకు బాదంపప్పు తెచ్చుకున్నాయనుకోండి. ఒకటి నడిచి, రెండోది నడవకపోతే, కారణం బాదంలో వెతకం. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి మాటతీరులోనో, గల్లీ మలుపులోనో వెతుకుతాం. అంతమాత్రాన వ్యాపారానికి బాదం ముఖ్యం కాదని ఎవరూ అనరు. అందరి దగ్గరా ఒకేలా ఉన్నది గెలుపోటములను విడదీయలేదు, అంతే.

ఈ లెక్కన చూస్తే ఫార్ములా ఈ మంచి ప్రయోగశాల. 2023లో వాడిన మూడో తరం కార్లలో చాలా భాగం అందరికీ ఒకే చోటు నుంచి వచ్చింది. చట్రం స్పార్క్ సంస్థది. బ్యాటరీ విలియమ్స్ అడ్వాన్స్‌డ్ ఇంజినీరింగ్‌ది. టైర్లు హంకుక్‌వి. డ్రైవరుతో కలిపి కనీస బరువు 840 కిలోలు. తేడాకు తావున్నది వెనక చక్రాలను తిప్పే భాగంలో: మోటారు, ఇన్వర్టరు, గేరుబాక్సు, వాటిని నడిపే సాఫ్ట్‌వేరు. దీన్నంతా కలిపి పవర్‌ట్రైన్ అంటారు. ఇది ఒక్కో తయారీ సంస్థ సొంతంగా చేసుకుంటుంది.

ఇక్కడే బేగం బజార్‌కు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. తయారుచేసిన సంస్థ తన పవర్‌ట్రైన్‌ను తాను వాడుకోవడంతో పాటు మరో జట్టుకూ అమ్ముతుంది. జాగ్వార్ చేసినదాన్ని ఎన్విజన్ కొనుక్కుంది. పోర్షె చేసినదాన్ని ఆండ్రెట్టి కొనుక్కుంది. డీఎస్ సరుకు మాసెరాటి జట్టుకు కూడా వెళ్లింది. హోల్‌సేలు వ్యాపారి తన దుకాణంలోనూ అమ్ముతూ, అదే సరుకును ఎదుటి దుకాణానికీ వేస్తున్నట్టు. ఆ సీజను చివర జట్ల చాంపియన్‌షిప్ ఎవరికి వచ్చింది? జాగ్వార్‌కు రాలేదు, జాగ్వార్ దగ్గర కొనుక్కున్న ఎన్విజన్‌కు వచ్చింది. డ్రైవర్ల చాంపియన్ ఎవరు? పోర్షె సొంత జట్టు డ్రైవర్లు కాదు, పోర్షె దగ్గర కొనుక్కున్న ఆండ్రెట్టి జట్టులోని జేక్ డెన్నిస్. సేటుకు ఈ మాట అప్పుడు చెప్పే వీల్లేకపోయింది, సీజను ముగిసింది జూలైలో కదా. చెప్పి ఉంటే ఆయన ఒప్పుకునేవాడని మాత్రం అనుకోను. "కొన్నది మంచి మాలే కదా" అనేవాడు. ఆ మాటలో బలం ఉంది.

ఎంత బలమో చూడటానికి ఆ సీజను లెక్క తీశాను. మొత్తం 16 రేసులు. 11 జట్లు, 22 కార్లు. గెలుపు ఉత్త చిట్టీల ఆటే అయితే, ప్రతి రేసులో ప్రతి కారుకూ 22లో ఒక వంతు అవకాశం. అలా 16 సార్లు చిట్టీ తీస్తే, ఒక్కసారైనా పేరు వచ్చే డ్రైవర్లు సగటున పదకొండు, పన్నెండు మంది ఉండాలి. నిజంగా గెలిచినవాళ్లు ఏడుగురే. ఎవాన్స్ 4, క్యాసిడీ 4, పాస్కల్ వెర్లైన్ 3, డెన్నిస్ 2, డకోస్టా 1, మాక్సిమిలియన్ గుంథర్ 1, వెర్న్ 1. అంటే ఒట్టి నసీబ్ మాత్రం కాదు.

ఇప్పుడు అదే జాబితాను పవర్‌ట్రైన్ల వారీగా సర్ది చూడండి. ఎవాన్స్, క్యాసిడీలవి జాగ్వార్. వెర్లైన్, డెన్నిస్, డకోస్టాలవి పోర్షె. ఈ రెండు రకాలూ కలిపి 8 కార్లలో ఉన్నాయి. ఆ 8 కార్లు 16 రేసుల్లో 14 గెలిచాయి. చిట్టీల లెక్కన వాటికి రావలసినవి ఆరు కూడా కాదు. ఉత్త యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం పాతిక వేలలో ఒక వంతు కంటే తక్కువ. ఫలితాలు చూశాక గిరి గీసి 'ఇవే మంచి కార్లు' అనడంలో కొంత మోసం ఉంది. బాణం దిగిన చోట చుట్టూ గుండ్రం గీసినట్టు. అందుకు ఎంత తగ్గించి చూసినా, సేటు మాటకు ఇక్కడ గట్టి సాక్ష్యం దొరికినట్టే.

మిగిలిన రెండు రేసుల్లో ఒకటి గుంథర్ జకార్తాలో గెలిచింది. రెండోది మన హైదరాబాద్ రేసు. ఆ ఏడాది జాగ్వార్, పోర్షెల సరుకు ఓడిన రెండే రెండు సందర్భాల్లో ఒకటి మన హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగింది. సేటు నమ్మే సూత్రం తప్పిన రోజునే చూసి, చెయ్యి గొప్పదని ట్రాలీ డ్రైవరు వాదించాడు. ఆ ఒక్క రేసు చూసినవాడు అతనితో ఏకీభవిస్తాడు. 16 చూసినవాడు సేటుతో.

మరి ఆ 8 మందిలో డ్రైవర్ల తేడా ఎంత? గెలుపులు 4, 4, 3, 2, 1. మిగతా ముగ్గురికి, అంటే సామ్ బర్డ్, బ్యుయెమి, ఆండ్రె లోటరర్‌లకు సున్నా. చూడగానే చెయ్యి తేడా స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ సమాన ప్రతిభ ఉన్న 8 మందికి 14 గెలుపులను చిట్టీలతో పంచినా, ఇంత ఎగుడుదిగుడుగా పంపకం జరగడం పదీ పన్నెండు సార్లకు ఒకసారి మామూలే. పద్నాలుగు గెలుపులు డ్రైవరును తూచడానికి చాలని తూకంరాళ్లు. గెలుపు అరుదైన సంఘటన కావడంతో దాంట్లో సమాచారం తక్కువ. అందుకే ఈ విషయం లోతుగా చూసేవాళ్లు గెలుపులను వదిలి, ప్రతి రేసులో ప్రతి డ్రైవరు ఏ స్థానంలో వచ్చాడు, అదే జట్టులో పక్కవాడికంటే ఎంత ముందు వచ్చాడు అన్నదాన్ని లెక్కిస్తారు.

అక్కడ ఇంకో చిక్కుముడి ఉంది, నా మటుకు ఈ మొత్తం కథలో అసలైనది అదే. మంచి కార్లు మంచి డ్రైవర్లను లాక్కుంటాయి. డబ్బున్న జట్టు చెయ్యి తిరిగినవాణ్ని తెచ్చుకుంటుంది, అతను గెలిస్తే ఇంకా డబ్బు వస్తుంది, దాంతో కారు ఇంకా మెరుగుపడుతుంది. నాలుగేళ్లయ్యేసరికి కారు, డ్రైవరు పాలూ నీళ్లలా కలిసిపోతారు. వాటిని విడదీయాలంటే డ్రైవరు జట్టు మారాలి. మారినప్పుడు అతనితో పాటు వెళ్లింది ఎంత, పాత గ్యారేజీలోనే ఉండిపోయింది ఎంత అని చూడాలి. హైదరాబాద్‌లో అలాంటి మనిషి మన కళ్లముందే పరుగెత్తాడు. స్టాఫెల్ వాండోర్న్ 2022లో మెర్సిడెస్ కారులో ఫార్ములా ఈ చాంపియన్. ఆ సంస్థ తప్పుకోవడంతో మరుసటి ఏడాది డీఎస్ పెన్స్కేకు వచ్చి, వెర్న్ పక్కన కూర్చున్నాడు. మనిషి అతనే, చెయ్యి అదే. 2023లో ఒక్క రేసు కూడా గెలవలేదు.

వందలమంది డ్రైవర్లు, డజన్ల కొద్దీ జట్లు, దశాబ్దాల పాటు ఇలా అటూఇటూ మారిన చరిత్ర ఫార్ములా వన్‌కు ఉంది. ఆ మార్పులను దారాలుగా పట్టుకుని షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ బెల్, ఆయన సహచరులు 1950 నుంచి 2014 దాకా ఫలితాలను విశ్లేషించి 2016లో ప్రచురించారు. కారు తేడాలు తీసేసి చూస్తే అందరికంటే గొప్ప డ్రైవరుగా 1950ల నాటి అర్జెంటీనా వీరుడు హువాన్ మాన్యుయెల్ ఫాంజియో తేలాడు. డ్రైవరు ప్రభావంకంటే జట్టు ప్రభావం ఎక్కువనీ, అది కాలంతో పాటు పెరుగుతోందనీ కూడా తేలింది. వానలోనూ, ఊరి వీధుల్లో వేసిన బాటల మీదా మాత్రం జట్టు ప్రభావం కొంత తగ్గవచ్చని వాళ్లు చూశారు. నేలకు పట్టు తగ్గినప్పుడు, గోడలు దగ్గరగా ఉన్నప్పుడు మనిషి చేతికి పని ఎక్కువ. ఎన్టీఆర్ మార్గ్ అలాంటి వీధి బాటే.

2023లో ఎరిక్ జాన్ ఫాన్ కెస్టెరెన్, టామ్ బెర్గ్‌కాంప్ అనే పరిశోధకులు 2014 నుంచి 2021 దాకా రేసులను మరో పద్ధతిలో తూచారు. ఫలితాల్లోని తేడాల్లో సుమారు 88 శాతం జట్టువల్లేనని తేల్చారు. ఈ అంకెను చాలామంది పొరపాటుగా చదువుతారు. డ్రైవరు చేసే పని 12 శాతమేనని దానికి అర్థం కాదు. ఒకే చెరువు నీళ్లు పారే నూరు పొలాల్లో దిగుబడి తేడాలన్నీ విత్తనం వల్లే అని లెక్క తేలవచ్చు. చెరువు ఎండితే ఏ విత్తనమూ మొలవదు. ఫార్ములా వన్‌కు చేరినవాళ్లంతా చిన్నప్పటి నుంచి జల్లెడ పట్టగా మిగిలినవాళ్లు. వాళ్ల మధ్య తేడా సన్నగా ఉంటుంది. కార్ల మధ్య తేడా అంత సన్నగా ఉండదు. 88 శాతం చెప్పేది ఆ తేడాల మధ్య నిష్పత్తిని. ఆ కార్లలోకి నన్ను ఎక్కిస్తే డ్రైవరు శాతం అమాంతం పెరుగుతుంది!

సన్నగా ఉన్నా ఆ తేడా ఎక్కడుందో చూడాలి. ఎందుకంటే ట్రాలీ డ్రైవరు మనసులో ఉన్నది శాతాలు కాదు, వెర్న్ ఆ ఆఖరి ల్యాపుల్లో చేసిన పని.

ఫార్ములా ఈ రేసులో ప్రతి కారుకూ వాడుకోదగ్గ శక్తి ఇంత అని కొలిచి ఇస్తారు. గాలి ఎదురుతోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం పదో వంతు పెంచితే, అదే దూరానికి గాలిని చీల్చడానికి అయ్యే ఖర్చు 21 శాతం పెరుగుతుంది. ముందున్న కారు ఆ ఖర్చంతా భరిస్తుంది. వెనకున్నది దాని నీడలో, పలచబడిన గాలిలో, తక్కువ ఖర్చుతో వస్తుంది. కాబట్టి ముందుండటం గౌరవమే కానీ అప్పు పెరిగే వ్యాపారం. అప్పు తీర్చే దారి బ్రేకుల్లో ఉంది. మూడో తరం కారు ముందు చక్రాల దగ్గర 250 కిలోవాట్లు, వెనక 350 కిలోవాట్లు, మొత్తం 600 కిలోవాట్ల దాకా బ్రేకు వేసేటప్పుడు శక్తిని వెనక్కి లాగి బ్యాటరీలో వేసుకోగలదు. మలుపుకు చాలా ముందే కాలు తీసి బండిని దొర్లనిచ్చి, సరైన క్షణంలో మోటార్లతోనే వేగం తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, జమ పెరుగుతుంది. కానీ ముందే కాలు తీస్తే వెనకవాడు పక్కనుంచి దూరిపోతాడు. ఎక్కడ తీస్తే వెనకవాడికి సందు దొరకదో, ఎక్కడ తప్పనిసరిగా తొక్కి ఉంచాలో, ఒక్కో మలుపుకూ విడిగా తెలిసి ఉండాలి. కారును బాట మధ్యలో ఏ వారకు ఉంచితే వెనకవాడి నీడ ప్రయోజనం చెడుతుందో తెలియాలి. వెర్న్ చేసింది అదే. తక్కువ డబ్బుతో నెలాఖరు దాకా ఇల్లు నడిపినట్టు నడిపాడు. ట్రాలీ డ్రైవరుకు ఇది వెంటనే అర్థం కావడంలో వింత లేదు. దిగుడు కనిపిస్తే కాలు తీసేసి, సిగ్నలు దూరం నుంచే చూసి బండిని దొర్లించుకుంటూ వెళ్లే విద్యతోనే అతని రోజువారీ మిగులు ముడిపడి ఉంది.

ఆ దుకాణంలో లోపలికి వెళుతున్న చరఖాలను చూస్తుంటే నాకు ఇంకో పోలిక తట్టింది. పతంగుల పేంచీలోనూ ఇవే మూడు. మాంజా సరుకు, లాగే చెయ్యి, గాలి నసీబ్. పేంచీ పడ్డాక పాతవాళ్లు 'ఢీల్, ఢీల్' అని అరుస్తారు, దారం వదలమని. కొత్తవాడు భయపడి బిగించి పట్టుకుంటాడు. బిగించిన దారం మీద ఒకే చోట రాపిడి పడుతుంది. పరుగెత్తే దారం మీద అదే రాపిడి గజాల పొడవునా పంచుకుపోతుంది. గాజుపొడి అద్దిన రెండు దారాలు రాసుకున్నప్పుడు, కదలనిది ఒక్క చోట కోసుకుపోయి తెగుతుంది. సరుకు సమానమైనప్పుడు భౌతికశాస్త్రం తెలిసిన చెయ్యి గెలుస్తుంది, పుస్తకంలో చదివి తెలుసుకున్నా, మిద్దె మీద తెలుసుకున్నా. ఒకడి దగ్గర తెగని నైలాన్ దారం ఉంటే మాత్రం ఎదుటివాడి చెయ్యికి విలువే ఉండదు. పిట్టల రెక్కలను, మనుషుల గొంతులను కోసే ఆ చైనా మాంజా నిషేధించదగ్గది, నిషేధించారు కూడా. ఆటను ఆటగా ఉండనివ్వదన్నది దాని మీద నాకున్న మరో ఫిర్యాదు.

ఇక హమాలీ మాట. నసీబ్ అన్న పదాన్ని సైన్సు కొట్టిపారేయదు. చేతితోనూ, సరుకుతోనూ ముడిపెట్టలేని మిగులు తేడాకు అది పెట్టుకున్న పేరు యాదృచ్ఛికత. స్టాక్ కార్ రేసుల చరిత్రలో దీనికి డేల్ ఎర్న్‌హార్ట్‌ను మించిన ఉదాహరణ లేదు. ఏడుసార్లు చాంపియన్. కానీ అక్కడి అన్నిటికంటే పెద్ద రేసు డేటోనా 500 ఏళ్ల తరబడి చిక్కలేదు. 1990లో ఆఖరి ల్యాపులో, మూడో మలుపు దాకా ఆయనే ముందున్నాడు. బాట మీద పడి ఉన్న ముక్కేదో టైరును చీల్చింది. అప్పటిదాకా ఒక్క రేసూ గెలవని డెరిక్ కోప్ గెలిచాడు. ఎర్న్‌హార్ట్‌కు ఆ కప్పు 1998లో, ఇరవయ్యో ప్రయత్నంలో దొరికింది.

నసీబ్ పాలు ఎప్పుడు పెరుగుతుందో కూడా అక్కడే కనిపిస్తుంది. 1987లో టల్లడేగా బాట మీద బాబీ ఆలిసన్ కారు గాల్లోకి లేచి, ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. వేగం తగ్గించక తప్పదని 1988 నుంచి డేటోనా, టల్లడేగాలలో ఇంజినుకు పోయే గాలిని తగ్గించే చిల్లుల పలకను అందరికీ తప్పనిసరి చేశారు. బలమైన ఇంజినుకూ బలహీనమైనదానికీ మధ్య తేడా కుంచించుకుపోయింది. కార్లన్నీ ఒకదాని నీడలో ఒకటి, నలభై దాకా, గుంపుగా పరుగెత్తసాగాయి. ముందున్న ఒకడు తడబడితే వెనక ఇరవై కార్లు నుజ్జు. 462 రేసుల్లో గెలుపన్నది ఎరగని మైకేల్ వాల్ట్రిప్ 2001లో డేటోనా 500 గెలిచాడు. తర్వాత ఆయన గెలిచిన మరో మూడూ ఈ రెండు బాటల మీదే. వాల్ట్రిప్‌కు చెయ్యి లేదని కాదు, గాలి నీడలో కారు నడిపే విద్య ఆయనకు బాగా తెలుసు. కానీ ఆ పలక లేని చోట ఆ విద్య ఒక్కటే ఆయనకు చాలలేదు. ఆయన జట్టు యజమాని ఎర్న్‌హార్టే. ఆ రోజు తన డ్రైవరు గెలుస్తుండగా, వెనక ఆఖరి మలుపులో జరిగిన ప్రమాదంలో ఎర్న్‌హార్ట్ చనిపోయాడు. మెకానిక్కులు, ఇంజినీర్లు, ప్రేక్షకులు, ఎవరూ ఆ రేసును లెక్కల్లో చెప్పుకోరు.

సరుకును పూర్తిగా సమానం చేస్తే? అమెరికాలో ఆ పనీ చేశారు. 1973 చివరలో మొదలై 2006 దాకా నడిచిన ఐరాక్ పోటీల్లో రకరకాల రేసుల మేటి డ్రైవర్లను పిలిచి, ఒకేలా తయారుచేసిన కార్లు చేతికిచ్చారు. మొదటిసారి పోర్షె కార్లు, గెలిచింది మార్క్ డోనొహ్యూ. తర్వాతి దశాబ్దాల్లో ఎర్న్‌హార్ట్ నాలుగుసార్లు గెలిచాడు. ఏడుసార్ల చాంపియన్ చెయ్యి, తనది కాని కారులోనూ కనిపించింది. 2022లో నాస్కార్ విడిభాగాల్లో చాలావాటిని ఒకే సరఫరాదారు నుంచి కొనాలని కొత్త కారు తెచ్చినప్పుడు మాత్రం ఆ సీజనులో 19 మంది వేర్వేరు డ్రైవర్లు గెలిచారు. అది 2001 నాటి రికార్డుతో సమానం. సరుకు తేడా తగ్గితే చెయ్యి పైకి తేలుతుందని అందరం ఆశపడతాం. చేతులు కూడా దాదాపు సమానమైతే, తేలేది నసీబ్. జల్లెడ ఎంత మంచిదైతే మిగిలిన గింజలు అంత ఒకేలా ఉంటాయి, అప్పుడు ఏ గింజ ముందు దొర్లుతుందో చెప్పలేం.

మన దక్షిణాది మనిషి ఒకాయన ఈ మూడింటినీ రెండు లోకాల్లో చవిచూశాడు. కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టులో భారతదేశపు మొదటి ఫార్ములా వన్ డ్రైవరయ్యాడు. ఆ కారు పట్టికలో అడుగున ఉండే కారు. ఐదేళ్ల తర్వాత, 2010లో, నాస్కార్ ట్రక్కుల పోటీలో దిగి, మార్టిన్స్‌విల్‌లో తొలి రేసును 13వ స్థానంలో ముగించాడు. అంతకుముందు భారతీయుడెవరూ నాస్కార్ జాతీయ పోటీల్లో దిగలేదు. ఆ ఏడాది ట్రక్కుల పోటీల్లో అభిమానులు ఓటేసి ఎన్నుకున్న ప్రియతమ డ్రైవరు కూడా ఆయనే. పట్టికలో అడుగున ఉన్న కారులో తిరిగినవాడి చెయ్యి ఎంతటిదో పట్టికను చూసి చెప్పలేం. తీర్పు చెప్పే ముందు పక్క సీటువాడితో పోల్చాలి, కారు మారినప్పుడు ఏం జరిగిందో చూడాలి, తగినన్ని రేసులు దొరికేదాకా ఆగాలి.

ఆగడమన్నది ఈ శాస్త్రంలో సగం పని. రేసుల సంఖ్య నాలుగింతలైతే సగటులోని అదృష్టపు ఊగిసలాట సగానికి తగ్గుతుంది. హైదరాబాద్‌లో డెన్నిస్‌కు ఒక్క పాయింటూ రాలేదు, వెనకనుంచి వచ్చి ఒకతను గుద్దాడు. అతనే 16 రేసుల తర్వాత చాంపియన్. ఆ శనివారం ఫలితం మాత్రమే చేతిలో ఉన్నవాడికి ఈ సంగతి ఊహకు కూడా అందదు.

హైదరాబాద్ బాట గురించి మన చేతిలో ఉన్నది ఆ శనివారం ఫలితమే. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో రేసు జనవరిలో రద్దయింది. హెయిర్‌పిన్ దగ్గర గుద్దుకోవడం ఆ మలుపు స్వభావమా, సామ్ బర్డ్ తప్పా, ఒక్కసారి జరిగిన ప్రమాదమా? తక్కువ శక్తితో ముందుండి గెలవడం ఆ బాట మీద మళ్లీ సాధ్యమా? ఇంకో నాలుగైదు రేసులు జరిగి ఉంటే చెప్పగలిగేవాళ్లం. నాకు అది నిజంగా బాధగా ఉంది.

ఆ సోమవారం మధ్యాహ్నం వాదన ఎటూ తేలకముందే సరుకు దించడం అయిపోయింది. ఇరుకు గల్లీలో రెండువైపులా దుకాణాల ముందు పరిచిన గిన్నెలు, నిలబెట్టిన సైకిళ్లు, ఎదురుగా ఇంకో ట్రాలీ. డ్రైవరు తల బయటికి పెట్టి వెనక్కి చూస్తూ, ఒక్క గిన్నె కదలకుండా, బండిని వెనక్కి తీసుకుపోయాడు. "చూసినవా సేటూ?" అని అరిచాడు మలుపు దగ్గర నుంచి.

"బండి కొత్తది భాయ్," అన్నాడు సేటు.

హమాలీ ఏమీ అనలేదు. ఎదురు ట్రాలీ దారి ఇచ్చిన వైపు చూస్తూ తువాలు దులుపుకున్నాడు.